ఫొటో అంచు

మేడ్చల్ హైవే పక్కన, ఒక టిఫిన్ సెంటరు మీది అంతస్తులో ఉన్న ఆ ఆఫీసులో వినోద పని ఫొటోలు కోయడం. ఎవరైనా అడిగితే అలాగే చెప్పేది. వెబ్‌సైట్ డిజైనింగ్ అని చెప్పమని రాఘవేందర్ సారు నేర్పించాడు కానీ, ఆ డిజైనింగేదో చేసుకునేది ఆయన. ఆమె చేసేది కోయడం, కుదించడం. పెద్ద కెమెరాతో తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు వెబ్‌సైట్లో పెడితే, అది చూసేవాడి ఫోన్‌లో సగం తెరుచుకుని తక్కిన సగం కోసం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అంతసేపు ఓపిక పట్టే మనిషి ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? అందుకని దాని బరువు తగ్గించాలి, కొలతకు కోయాలి, కోశాక మొహాలు మసకబారలేదని చూసుకోవాలి. మచ్చ బొల్లారం నుంచి స్కూటీ మీద వచ్చి పొద్దంతా ఆమె చేసేది అదే.

సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికే కొత్త ఫోల్డర్ ఎదురుచూస్తోంది. శామీర్‌పేట దాటాక రోడ్డు మీదికే కట్టిన కొత్త ఫంక్షన్ హాలు తాలూకు ఫొటోలు. హాలు పేరు పద్మమధు గార్డెన్స్. యజమాని మధుసూదన్, ఆయన భార్య పద్మలత. ఇద్దరి పేర్లూ కలిపి బోర్డు రాయించుకున్నారు. మధుసూదన్‌ది ఒకప్పుడు పొలాలు దున్నించిన ఇల్లు, ఇప్పుడు ప్లాట్లు అమ్మే ఇల్లు. మండలంలో ఏ మీటింగు జరిగినా ముందు వరుసలో ఆయనకో కుర్చీ ఉంటుంది. ఆయన వెంచర్లన్నిటి వెబ్‌సైట్లూ రాఘవేందర్ చేతిలోనే ఉన్నాయి. ఆయనకు కోపం వస్తే ఈ ఆఫీసు షట్టరు దించుకోవాల్సిందే. ఆ సంగతి రాఘవేందర్‌కూ తెలుసు, వినోదకూ తెలుసు, కింద దోసెలు పోసే ఆయనకు కూడా తెలుసు.

ఆదివారం హాలులో హోమం చేసి పాలు పొంగించారు. అది ఇంటివాళ్ల వరకే. పెద్దలను పిలిచి చేసే ప్రారంభోత్సవం శుక్రవారం. ఆలోగా వెబ్‌సైటు తెరుచుకోవాలి.

“గ్యాలరీ మొత్తం చదరం చెయ్యి వినోదా. ముందటి ఫొటో ఒక్కటి నిలువు. అందరు ఫోన్లనే చూస్తరు గదా,” అన్నాడు రాఘవేందర్ హెల్మెట్ పెట్టుకుంటూ. “జెర జల్దీ కానియ్యి. సారు ఊకె ఫోన్ కొడుతాండు.”

ఇలాంటి తొందర పనులకు ఆమె దగ్గరొక కిటుకుంది. కొలత ఒకసారి ఇచ్చి వదిలేస్తే, సాఫ్ట్‌వేరు ఫోల్డర్ మొత్తాన్ని తనే వరసగా కోసుకుపోతుంది. ప్రతి ఫొటోలో నడుమ భాగం ఉంచి, రెండు పక్కలా సమంగా తీసేస్తుంది. ఫొటో తీసేవాడు ముఖ్యమైనవాళ్లను ఎప్పుడూ నడుమే నిలబెడతాడు కాబట్టి ఈ పద్ధతి ఇంతవరకు ఆమెను మోసం చేయలేదు. బటన్ నొక్కి, కిందికి దిగి చాయ్ తాగి వచ్చేసరికి కోత పూర్తయింది. ఒకసారి గబగబా పైనుంచి కిందికి చూసింది. పీటల మీద దంపతులు, హోమగుండం, పొంగుతున్న పాలు, మామిడి తోరణాలు. ఎవరి తలా తెగలేదు, ఎవరి చెయ్యీ గాల్లో వేలాడటం లేదు. బాగుందనుకుని పంపించేసింది. సాయంత్రానికి వెబ్‌సైటు తెరుచుకుంది.

మరునాడు మధ్యాహ్నం, రాఘవేందర్ కొంపల్లి వెళ్లి ఉన్నప్పుడు, మెట్ల మీద నెమ్మదిగా ఎవరో ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి మళ్లీ ఎక్కుతున్నారు. చివరికి ఒక పెద్దావిడ గోడ పట్టుకుని పైకి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచింది. సన్నటి అంచున్న లేతరంగు చీర, నుదుట బొట్టు లేదు. మెడలో ఒంటిపేట గొలుసు ఉంది. గదంతా ఒకసారి కలయచూసింది.

“ఫొటోలు కోసే బిడ్డవు నువ్వేనా?”

“నేనేనమ్మా. మీరు?”

“మధుసూదన్ వాళ్ల అమ్మను. లక్ష్మీకాంతమ్మ.”

వినోద గబుక్కున లేచి నిలబడి, సారు కుర్చీ ఇటు లాగింది. అది చక్రాల కుర్చీ. కూర్చోగానే కొద్దిగా పక్కకు తిరగడంతో పెద్దావిడ రెండు పాదాలూ నేలకు ఆనించి గట్టిగా అదిమి పట్టుకుంది. వినోద తెచ్చిన నీళ్లు తాగింది. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే ఉంచుకుంది.

“మా మనుమరాలు అశ్రిత ఫోన్ల జూపిచ్చింది బిడ్డా. ఫొటోలు మంచిగున్నయి. అందరున్నరు. మా వాచ్‌మన్ ముత్తయ్య గూడ ఉన్నడు ఒకదాంట్ల. నేను లేను.”

వినోద తన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది.

“ఒక్కదాంట్ల లేను. పిల్ల అటుకెల్లి ఇటు, ఇటుకెల్లి అటు మస్తుసార్లు జరిపి చూసింది. ‘నానమ్మా, నువ్వు పూజకు రాలేదా’ అనడిగింది. పొద్దటిసంది సాయంత్రం దాంక గాడనే ఉంటి గదా నేను.” కొంగుతో పెదవులు తుడుచుకుంది. “ఒక్కటే అడగనీకి వచ్చిన. నీ మీద కోపం జేయ. నిజం చెప్పు. నా కొడుకు తీసెయ్యమన్నడా?”

“అయ్యో, లేదమ్మా. ఆయన ఏమనలే.”

“గట్లనే అంటవు. నీ నౌకరీ నీది.”

“నిజంగ అనలేదమ్మా. మీరు సారునే అడగొచ్చు గదా?”

లక్ష్మీకాంతమ్మ ఆ మాటకు చిన్నగా నవ్వింది. అది సంతోషంతో నవ్విన నవ్వు కాదు. “అడిగితే కాదంటడు. కాదంటే నాకు నమ్మబుద్ధి గాదు. అవునన్నడనుకో, ఇగ ఆ ఇంట్ల కూసోని బువ్వెట్ల తినాలె? అందుకే నీ తానికి వచ్చిన. ఆటోల ఒక్కదాన్నే వచ్చిన, ఎవరికి చెప్పలే.”

చెబితే నమ్మే మాట కాదని వినోదకు అర్థమైంది. తెరను ఆమె వైపు తిప్పి, ఫొటోగ్రాఫర్ ధర్మేందర్ తీసిన అసలు ఫొటోల ఫోల్డర్ తెరిచింది. మొదటిది హోమం. నడుమ దంపతులు, పంతులు, మంట. ఎడమ చివర, అరటిబోదె పక్కన, గోడకు దాదాపు ఆనుకుని, లేతరంగు చీర.

“ఇగో, గిది నేనే!” అంటూ వేలు పెట్టి చూపించింది పెద్దావిడ.

రెండోది పాలు పొంగించడం. ముత్తయిదువలంతా పొయ్యి చుట్టూ ఉన్నారు. కుడి చివర స్తంభం వెనక నుంచి సగం మొహం. తర్వాతిది హారతి. అందులో స్తంభం మీద వేసిన చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతికున్న ఒంటి గాజును బట్టి అది తనదేనని గుర్తుపట్టింది. అందరూ వరసగా నిలబడి తీయించుకున్న ఫొటోలో కూడా ఆమె వరస చివర, పక్కవాళ్లకు ఇంకో మనిషి పట్టేంత ఎడంగా నిలబడి ఉంది. ఫొటో తర్వాత ఫొటో జరుపుతూ పోయింది వినోద. నిన్న ఇవన్నీ తన చేతి మీదుగానే పోయాయి. ఈ మనిషి ఒక్కసారి కూడా తన కంటికి ఆనలేదు.

“ఇటు చూడుండ్రమ్మా,” అని కోత గీత తెర మీదికి తెచ్చి, చదరం ఎక్కడ పడుతుందో చూపించింది. “మిషను నడుమది ఉంచుతది. ఇటు కొంచెం, అటు కొంచెం తీసేస్తది. నేను ఒక్కొక్కటి చూడలే. మొత్తం ఒక్కసారే ఇచ్చిన. తప్పు నాదేనమ్మా, సారుకు తెల్వదు.”

పెద్దావిడ ఆ గీతనే చూస్తోంది. వినోద మౌస్ కదిపితే గీత కదులుతోంది. ఎంత కదిపినా, నడుమ వాళ్లంతా పూర్తిగా మిగలాలంటే లేతరంగు చీర బయటే పడుతోంది.

“ఎవరు తియ్యలే అయితే,” అంది చివరికి.

“తియ్యలేదమ్మా.”

“నేనే గాడ నిలవడ్డ.” తనలో తాను అనుకుంటున్నట్టు అంది. “నిలవడమని ఎవరన్న అన్నరా? అనలే. కోడలు గూడ ఏమనలే పాపం. ఆయన పోయినకాన్నుంచి ఏ పూజకు బోయినా నా కాళ్లే గోడకు పోతయి. ఎవరికన్న అడ్డమస్తనేమోనని.” గీత మీది నుంచి చూపు తిప్పి, “ఆ హాలు కట్టిన జాగ మా నాయిన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిండు బిడ్డా,” అంది, ఎందుకో ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

ఆడపిల్లకు పెళ్లినాడు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ పేరు మీద రాసిచ్చే భూమి అది. మొగుడు పోయినా భూమి ఆమెదే, కాదనేవాడు లేడు. ఆ భూమిలో కట్టిన హాలులో పాలు పొంగితే మాత్రం ఆమె స్తంభం చాటున నిలబడాలి. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనబడదు, ఆమెతో సహా. వినోదకు ఒళ్లు మండింది కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

లక్ష్మీకాంతమ్మ లేచింది. వచ్చినప్పటి కంటే తేలిగ్గా లేచింది. “వాడు తియ్యమనలేదు గదా. గంతే సాలు నాకు. ఫొటోల ఉంటే ఎంత, లేకుంటే ఎంత.” గ్లాసు వినోద చేతికిచ్చి ఆమె గడ్డం పుణికింది. వినోద కిందిదాకా వెళ్లి, శామీర్‌పేట ఆటో ఎక్కించి వచ్చింది.

ఆ పూట వినోద వేరే పనేదీ ముట్టుకోలేదు. ఫొటోలన్నీ మళ్లీ తెరిచి ఒక్కొక్కటీ చేత్తో కోసింది. చదరాన్ని ఒకచోట ఎడమకు జరిపితే పంతులు గారి మోచెయ్యి పోతుంది. పోనీలే అనుకుంది. ఇంకోచోట కుడికి జరిపితే బంధువులు పోతారు. వాళ్లు వేరే ఫొటోల్లో ఉన్నారు కదా అని సర్దుకుంది. ముందటి ఫొటోకు, పక్క నుంచి తీసిన ఇంకో హోమం ఫొటో తీసుకుంది. నిలువు చట్రాన్ని పక్కకు లాగి, మంటా, దంపతులూ, ఆ వెనక మంట వెలుగు మొహం మీద పడుతున్న తల్లీ ఉండేటట్టు కుదిర్చింది. ఆ ఒక్క ఫొటోలో ఆవిడ నవ్వుతోంది. రాఘవేందర్ సాయంత్రం వచ్చి వినోద భుజం మీదుగా తెరలోకి చూసి, “మంచిగుంది, మంట మంచిగ పడ్డది,” అని వెళ్లిపోయాడు. ఆయన కూడా మంటనే చూశాడు.

ఫోన్ మరునాడు పదకొండు కాకముందే వచ్చింది. రాఘవేందర్ టిఫిన్ తింటూ చెయ్యి ఖాళీ లేక స్పీకరు పెట్టాడు.

“రాఘవేందర్, గా ముందటి ఫొటో మార్చినవా?” అంది మధుసూదన్ గొంతు.

“మార్చినం సార్. ఏమన్న గలతా?”

“గలత్ అని గాదు. ఇది పెండ్లీల హాలు గదా. పిల్ల తరఫోళ్లు, పిల్లగాని తరఫోళ్లు ఫోన్ల తెరవంగనే అమ్మ మొకం వస్తాంది. నాకేం లేదు, మా అమ్మనే గదా. పబ్లిక్ అందరు ఒక్కతీర్గ ఉండరు. శుభమా అని మొదలుపెడుతున్నం.” గొంతు కొంచెం తగ్గింది. “తీసెయ్యుండ్రి. అమ్మకు మాత్రం తెల్వనీయకుండ్రి. ఊకె మనసు పాడుజేసుకుంటది.”

ఆయన చెడ్డమనిషేం కాదు. అమ్మ అన్నప్పుడల్లా గొంతు తగ్గిస్తున్నాడు. తగ్గించిన గొంతుతోనే ఆ మాట అన్నాడు.

రాఘవేందర్ చెయ్యి కడుక్కుని వచ్చి వినోద బల్ల దగ్గర నిలబడ్డాడు. “నిన్నెవరు మార్చమన్నరు?”

“ఆమె వచ్చింది సార్ నిన్న. ఒక్కదాంట్ల కూడ లేనని బాధపడ్డది.”

“వచ్చిందా? నాకు చెప్పవేంది మరి? ఆయన పని పోతే మనం దుక్నం బంద్ జేసుకోవాలె, ఎరికేనా?” గొంతు పెంచినందుకు తానే సంకోచపడి కొంచెం ఆగాడు. “ముందటిదొక్కటే గాదు, అన్నిట్లకెల్లి తియ్యి. మల్ల ఏదో ఒకటి చూసి పరేషాన్ చేస్తడు.”

పాత చదరాలు చెరిపేసింది కాబట్టి వినోద మళ్లీ ఒక్కొక్కటీ తెరవాల్సి వచ్చింది. కావాలంటే మళ్లీ ఆ బటనే నొక్కి చాయ్‌కి వెళ్లిపోవచ్చు. ఎందుకో వెళ్లలేకపోయింది. చట్రం అంచు పట్టుకుని లేతరంగు చీర బయట పడేదాకా లాగడం, సేవ్ చేయడం, ఇంకోటి తెరవడం. మొన్న చూడకుండా కోసింది, ఇప్పుడు చూసి కోస్తోంది. స్తంభం మీది చెయ్యి ఉన్న ఫొటో వచ్చినప్పుడు కాసేపు మౌస్ వదిలేసి కూర్చుంది. ‘లేదమ్మా, ఆయన ఏమనలే’ అని తాను చెప్పిన మాట చెప్పిన రోజు నిజమే. ఆ నిజం ఒక్కరోజుకు మించి నిలవలేదు. తనను నమ్మి తేలిగ్గా మెట్లు దిగి వెళ్లిన మనిషిని తలుచుకుంటే సిగ్గేసింది. ఆ చేతిని కూడా తీసేసింది.

శుక్రవారం ప్రారంభోత్సవం ఫొటోలు అప్పటికప్పుడు వెబ్‌సైట్లో పడాలని మధుసూదన్ కోరిక. అందుకని ఫొటోగ్రాఫర్ ధర్మేందర్‌తో పాటు వినోదను కూడా పంపించాడు రాఘవేందర్. ధర్మేందర్‌ది గండిమైసమ్మ దగ్గర స్టూడియో. బండి మీద దారి పొడుగునా లైటింగు గురించి చెబుతూనే ఉన్నాడు. హాలు ముందు అప్పటికే కార్లు బారులు తీరి ఉన్నాయి. స్టేజీ పక్కనున్న చిన్న గదిలో వినోదకు బల్ల, కుర్చీ చూపించారు. ల్యాప్‌టాప్ తెరిచి ఇంటర్నెట్ వస్తోందో లేదో చూసుకుంటుండగా తలుపు దగ్గర నీడ పడింది.

లక్ష్మీకాంతమ్మ. ఇవాళ పట్టుచీర కట్టుకుంది. రంగు మాత్రం అదే లేతరంగు. తలుపు దగ్గరగా వేసి వచ్చి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“మంగళారం సాయంత్రం అశ్రిత జూపిచ్చింది బిడ్డా. ఉన్న. మంట పక్కపొంటి ఉన్న. మంచిగనిపిచ్చింది. నువ్వే పెట్టినవని ఎరుకైంది.” ఆగింది. “మొన్నటిసంది మల్ల లేను.”

వినోద ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

“ఈసారి గూడ మిషనేనా?”

మిషనేనమ్మా అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటకు రాఘవేందర్ బతుకుతాడు, మధుసూదన్ బతుకుతాడు, తన నౌకరీ ఉంటుంది, ఈ పెద్దావిడ కూడా సంతోషంగా బయటికి వెళ్తుంది. ఎవరికీ నష్టం లేని అబద్ధం అది. వినోద నోరు తెరిచింది. ఆవిడ అడగడానికి ఒక్కతే ఆటోలో వచ్చింది తన దగ్గరికే కదా అనిపించింది.

“కాదమ్మా. సారు ఫోన్ చేసిన్రు. పెండ్లీల హాలు అని... తీసెయ్యమన్నరు. నేనే తీసిన.”

పెద్దావిడ ఏడవలేదు, కూలబడలేదు. బల్ల మీదున్న చేతులు తీసి కొంగు నిండుగా కప్పుకుంది. “మంచిది,” అంది. “అబద్ధం చెప్పలేదు నువ్వు.” వచ్చినంత నెమ్మదిగానే తలుపు తీసుకుని వెళ్లింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకుంది వినోద. ఆవిడ ఎటు పోతుందోనన్న భయంతో తానూ లేచి హాలు గుమ్మం దాకా వెంట వచ్చింది.

హాలు వాకిట్లో అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. బ్యాండు మోగుతోంది. మండలంలోని పెద్దమనిషి ఒకాయన శాలువా కప్పుకుని రిబ్బను ముందు సిద్ధంగా ఉన్నాడు. ఆయన పక్కన, ఆయనతో పాటు వచ్చిన ఇంకో ఇద్దరు. ఇవతల పక్క మధుసూదన్, పద్మలత. ముత్తయిదువల చేతుల్లో హారతి పళ్లేలు. “సార్, జెర నడుమకు రండ్రి. మేడం, మీరు దగ్గరికి,” అంటూ ధర్మేందర్ వెనక్కి వెనక్కి నడుస్తూ అరుస్తున్నాడు.

లక్ష్మీకాంతమ్మ అరటిబోదె దగ్గరికి పోతుందనుకుంది వినోద. పోలేదు. ముత్తయిదువల మధ్యలోంచి నడిచింది. ఏదో చెప్పడానికి వస్తోందనుకుని అందరూ దారి ఇచ్చారు. ఆమె నేరుగా వెళ్లి కొడుక్కీ పెద్దమనిషికీ నడుమ నిలబడి, రిబ్బనును ఒక చేత్తో పట్టుకుంది. వినోద ఆ చేతిని గుర్తుపట్టింది.

మధుసూదన్ వంగి, నవ్వు మొహం మీది నుంచి పోనీయకుండానే అన్నాడు, “అమ్మా, జెర పక్కకు జరుగు.”

“ఎటు జరగాల్రా?”

“అమ్మా, అందరు చూస్తున్నరు.”

“చూడనియ్యి. గీ జాగ మా నాయిన నాకిచ్చిండు. ఎటు జరిగినా నా జాగనే. ఇగ నువ్వే చెప్పు, ఏడ నిలవడాల్నో.”

గట్టిగా అనలేదు. బ్యాండు ఆ క్షణంలో ఆగకపోయి ఉంటే ఎవరికీ వినిపించేది కూడా కాదు. ఆగింది. హారతి పట్టుకున్న ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మధుసూదన్ మొహం నల్లబడింది. ఇలాంటి చోట్ల ఏం చేయాలో బాగా తెలిసినవాడు పెద్దమనిషి ఒక్కడే. కెమెరా వైపు ఒకసారి చూసి, పళ్లెంలోని కత్తెర తీసి ఆమె చేతికిచ్చి, “పెద్దమ్మ చేతులతోని కానిద్దాం,” అన్నాడు నిండుగా నవ్వుతూ. ఆయన వెంట వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లు కొట్టారని మిగతావాళ్లూ కొట్టారు. పద్మలత అత్తగారి పక్కకు జరిగి, రిబ్బను ఊగకుండా రెండో కొస పట్టుకుంది. మధుసూదన్ మాత్రం ఒకడుగు పక్కకు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. ధర్మేందర్ బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

భోజనాలు మొదలయ్యాక ధర్మేందర్ కెమెరా కార్డు తెచ్చి వినోదకిచ్చి, తాను బగారా అన్నం వైపు పరుగెత్తాడు. రాఘవేందర్ ఫోన్ చేయనే చేశాడు. “రిబ్బన్ కోసేది ముందటికి పెట్టు. జల్దీ.”

రిబ్బను తెగుతున్న క్షణం, అందరి కళ్లూ తెరిచి ఉన్నది ఒక్కటే వచ్చింది. నిలువు చట్రం దాని మీద పెట్టింది వినోద. నడుమ కత్తెర పట్టుకున్న లక్ష్మీకాంతమ్మ, ఒక పక్క పద్మలత, ఇంకో పక్క పెద్దమనిషి. ఎంత చిన్న చట్రం పెట్టినా ఆమె నడుమే ఉంటుంది. ఆమెను తీయాలంటే ఫొటోనే తీసేయాలి. ఆ మాటే ఫోన్‌లో చెప్పింది.

“నాకేమెరుక తల్లీ,” అన్నాడు రాఘవేందర్, జరిగింది విని. “సారునే అడుగు. రేపు జవాబు చెప్పేది నువ్వే.”

మధుసూదన్ భోజనాల దగ్గర లేడు. పార్కింగు పక్కన, జనరేటరు దగ్గర ఒక్కడే నిలబడి ఫోన్‌లోకి చూస్తున్నాడు. ఫోన్ తెర వెలగడం లేదు. వినోద అడిగింది విని తలెత్తకుండానే, “నన్నెందుకు అడుగుతవ్? ఆమెనడుగు. జాగ ఆమెదంట గదా,” అన్నాడు.

వినోద గదిలోకి తిరిగి వచ్చేసరికి లక్ష్మీకాంతమ్మ పళ్లెంలో అన్నం, రెండు రకాల కూరలు పెట్టుకుని వచ్చి కూర్చుని ఉంది. “తినలేదట గదా నువ్వు. ముందు తిను,” అంది. వినోద పళ్లెం పక్కన పెట్టి తెర ఆమె వైపు తిప్పింది.

“గిది పెడుతున్నమ్మా. మీరు నడుమనే ఉన్నరు. ఇగ ఎవరు తియ్యలేరు.”

పెద్దావిడ వంగి చూసింది. ముందు తనను చూసుకుంది. కోడలిని చూసింది. కాసేపటికి అడిగింది, “మధు ఏడి?”

“ఆయన అంచుకున్నరమ్మా. గీ సైజుల రాలేదు.”

“మొత్తం తెరువు.”

వినోద పూర్తి ఫొటో తెరిచింది. కుడి చివర, పద్మలతకు చాలా ఎడంగా, ఫొటోలోంచి బయటికి నడిచి పోబోతున్నవాడిలా మధుసూదన్ ఉన్నాడు. తల పక్కకు తిప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఆయన చేతులు మాత్రం కిందికి వేలాడుతున్నాయి. తల్లి ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

“వాన్ని గూడ రానియ్యి బిడ్డా.”

“ఆయనను తేవాలంటే చట్రం అటు జరపాలమ్మా. మీరు ఇటు అంచుకు వస్తరు. ఒక భుజం పోతది.”

“మొకం ఉంటదా?”

“ఉంటది.”

“ఉంటే సాలు. జరుపు.”

వినోద చెయ్యి కదపలేదు. “ఎందుకమ్మా? ఇంత చేసి మల్ల అంచుకు పోతరా? తీసెయ్యమన్నది ఆయనే గదా.”

“వాడే. అందుకే జరపమంటున్న.” గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “రాత్రి ఫోన్ల చూసుకుంటడు. తను లేకుంటే, అమ్మనే తీపిచ్చింది అనుకుంటడు. వచ్చి అడుగుతడా? అడగడు. అడగకుండ నా పక్కన కూసోని బువ్వ తింటడు. అది ఎట్లుంటదో నాకు ఎరుకైంది. వానికి వద్దు.”

వినోద చట్రాన్ని కుడికి లాగింది. పెద్దమనిషి వెంట వచ్చిన ఇద్దరూ ముందే పోయారు, ఇప్పుడు శాలువాతో సహా పెద్దమనిషి కూడా పోయాడు. పద్మలత కొద్దిగా ఇవతలికి వచ్చింది. ఎడమ అంచున లక్ష్మీకాంతమ్మ మొహం, ఒక భుజం, కత్తెర పట్టుకున్న చెయ్యి మిగిలాయి. కుడి అంచున కొడుకు నిండుగా వచ్చాడు, తల పక్కకు తిప్పుకునే. కోడలికీ ఆయనకూ నడుమ గోడా, వేలాడుతున్న రిబ్బను ముక్కా తప్ప ఏమీ లేదు.

“గిట్లనేనా?” అని అడిగింది వినోద. ఆవిడ తలూపాక సేవ్ నొక్కింది.

లక్ష్మీకాంతమ్మ పళ్లెం మళ్లీ ఆమె ముందుకు జరిపి, అన్నం చల్లగవుతోందని చెప్పి, కొడుకు తిన్నాడో లేదో చూడటానికి పార్కింగు వైపు వెళ్లింది.